బాగ్బోని దించింది బ్యాంకు సంతకమా, హెలికాప్టరా? (ఐవరీ కోస్ట్ 2010-11)

#1 సందేహాల_సూరి
ఐవరీ కోస్ట్ గొడవ గురించి ఎక్కడ చదివినా రెండే ముక్కలు రాస్తున్నారు. అధ్యక్ష ఎన్నికల్లో ఓడినా అప్పటి అధ్యక్షుడు బాగ్బో దిగలేదు, ఆంక్షలు పెట్టారు, దిగాడు. అంతే! 2010 నవంబరు 28న రెండో విడత పోలింగ్, 2011 ఏప్రిల్ 11న అరెస్టు. మధ్యలో నాలుగున్నర నెలలు ఏం జరిగిందో ఎవరూ చెప్పరు. ఐరాస సైన్యం 2004 నుంచీ అక్కడే ఉంది కదా, వాళ్లేం చేస్తున్నట్టు? ఆంక్షలు పనిచేశాయా, హెలికాప్టర్లు పనిచేశాయా? అసలు ఒక దేశంలో ఎవరు గెలిచారో చెప్పడానికి ఐరాస ఎవరు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి. "గూగుల్ చెయ్" అనకండి, చేశాకే ఇక్కడికొచ్చా.

#2 వేపకాయంత
ముందు ఆయన పేరెలా పలకాలో తేల్చండి. గ్బాగ్బో అంటుంటే నాలుక మడతపడుతోంది.

#3 నిబంధన_నాయుడు
బాగ్బో అని రాసుకుందాం, ఆయన మీద పోటీ చేసిన అవతలాయన్ని వత్తారా అందాం. పేర్ల మీద పది పోస్టులు వద్దు.

సూరి గారి ఆఖరి ప్రశ్న ముందు. ఎవరు గెలిచారో చెప్పే హక్కు ఐరాస లాక్కున్నది కాదు, ఆ దేశ నాయకులే ఇచ్చింది. 2002లో తిరుగుబాటుతో దేశం ఉత్తర దక్షిణాలుగా చీలిపోయింది, ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు. 2005 ప్రిటోరియా ఒప్పందంలో బాగ్బో, వత్తారా, మాజీ అధ్యక్షుడు బెదియే ముగ్గురూ సంతకాలు పెట్టి ఎన్నికల్లో ఐరాస కలగజేసుకోవాలని అడిగారు. ఐరాస భద్రతా మండలి 1603 నంబరు తీర్మానంతో దానికో ప్రత్యేక ప్రతినిధిని పెట్టారు. 2007లో 1765 తీర్మానం ఆ పదవి తీసేసి, ధ్రువీకరణ పనిని ఐరాస మిషన్ అధిపతికే అప్పగించింది. 2010 నాటికి ఆ కుర్చీలో ఉన్నది దక్షిణ కొరియాకు చెందిన చోయ్ యంగ్-జిన్.

ధ్రువీకరణంటే ఆఖర్న ఒక ముద్ర కొట్టడం కాదు. శాంతి, అందరికీ పోటీ చేసే అవకాశం, ప్రభుత్వ టీవీలో సమాన చోటు, ఓటర్ల జాబితా, ఫలితం అని ఐదు గీటురాళ్లు పెట్టుకున్నాడాయన. 57,25,720 మంది ఉన్న ఓటర్ల జాబితాను సెప్టెంబరులో ధ్రువీకరించాడు, మొదటి విడత ఫలితాన్ని నవంబరులో. అప్పుడు ఎవరూ "నువ్వెవడివి" అనలేదు.

#4 లెక్కల_మేష్టారు
నాయుడు గారు రాసిందానికి అంకెలు జోడిస్తా. కాగితం పెన్సిలు తీసుకోండి.

ఎన్నికల సంఘం డిసెంబరు 2న చెప్పిన లెక్క:
వత్తారా 24,83,164 (54.10 శాతం)
బాగ్బో 21,07,055 (45.90 శాతం)

రాజ్యాంగ మండలి మర్నాడు చెప్పిన లెక్క:
బాగ్బో 20,54,537 (51.45 శాతం)
వత్తారా 19,38,662 (48.55 శాతం)

ఇప్పుడు తీసివేయండి. బాగ్బోకి పోయినవి 52,518. వత్తారాకి పోయినవి 5,44,502. మొత్తం 5,97,020 ఓట్లు రద్దు, అందులో నూటికి 91 వత్తారావే. బుఆకే, కొరోగో, ఫెర్కె, కతియోలా, బుందియాలీ, దబకలా, సెగెలా అనే ఏడు ఉత్తరాది జిల్లాల ఓట్లను గంపగుత్తగా తీసేస్తేనే ఈ ఫలితం వస్తుంది. ఒక్కటి కూడా దక్షిణాది జిల్లా కాదు.

#5 కాదు_కూడదు
మేష్టారూ, కూడికలు తీసివేతలు బావున్నాయి గానీ అసలు విషయం వదిలేశారు. ఆ దేశ రాజ్యాంగం ప్రకారం ఆఖరి మాట రాజ్యాంగ మండలిది. ఎన్నికల సంఘం ఇచ్చేది తాత్కాలిక ఫలితం. దానికి మూడు రోజుల గడువు. ఆ గడువు డిసెంబరు 1 అర్ధరాత్రితో అయిపోయింది, సంఘం అధ్యక్షుడు 2న ప్రకటించాడు, అదీ సంఘం ఆఫీసులో కాదు, వత్తారా మకాం పెట్టిన గోల్ఫ్ హోటల్లో. మన దగ్గర రిటర్నింగ్ అధికారి వెళ్లి ఒక అభ్యర్థి దిగిన లాడ్జిలో ఫలితం చదివితే ఊరుకుంటామా?

#6 నిబంధన_నాయుడు
#5కి: ఊరుకోం. చోటు ఎంపిక ఘోరమైన తప్పే, బాగ్బో మనుషులకి అది చేతికిచ్చిన కర్ర అయింది. కానీ గడువు ఎందుకు దాటింది? నవంబరు 30న సంఘం ప్రతినిధి టీవీ కెమెరాల ముందు ఫలితాలు చదవబోతుంటే బాగ్బో వర్గం సభ్యుడు ఆ కాగితాలు లాక్కుని చించేశాడు. ఆ వీడియో ఇప్పటికీ దొరుకుతుంది. గడువు దాటించినవాళ్లే గడువు దాటిందని అరిచారు.

ఇంకో మెలిక. వాళ్ల ఎన్నికల చట్టం 64వ అధికరణం ప్రకారం, ఫలితాన్నే తారుమారు చేసేంత అక్రమాలు కనబడితే మండలి ఎన్నికనే రద్దు చేయాలి, 45 రోజుల్లో మళ్లీ పోలింగ్ పెట్టాలి. కొన్ని జిల్లాలు కొట్టేసి మిగిలినవాటితో విజేతను తేల్చే అధికారం అందులో లేదు.

చోయ్ ఎలా తేల్చాడన్నది కూడా చూడాలి. బూత్‌లో లెక్కింపు అవగానే రాసే పత్రం ఉంటుంది, మన 17సి ఫారం లాంటిది. దాని ప్రతులు ఎన్నికల సంఘానికి, రాజ్యాంగ మండలికి, అభ్యర్థుల ఏజెంట్లకి వెళ్తాయి. ధ్రువీకరణ బాధ్యత ఉంది కాబట్టి చోయ్‌కి కూడా ఒక ప్రతి. ఇరవై వేలకు పైగా పత్రాలు ఐరాస ఆఫీసుకి చేరాయి. బాగ్బో వర్గం ఇచ్చిన ఫిర్యాదులన్నీ నిజమే అనుకుని ఆ ఓట్లు తీసేసినా వత్తారానే గెలుస్తున్నాడని లెక్కేసి, డిసెంబరు 3నే ప్రకటించాడు. విడిగా కాగితాల సెట్టు చేతిలో లేకపోతే ఆ మాట అనగలిగేవాడు కాదు.

#7 సందేహాల_సూరి
ఇది బాగా అర్థమైంది. మరి ప్రకటించాక? ఇద్దరూ ప్రమాణ స్వీకారం చేసేశారు. టీవీ, సైన్యం, రేవులు, ఖజానా బాగ్బో చేతిలో. వత్తారా హోటల్లో. అక్కణ్నుంచి చెప్పండి.

#8 ఖజానా_కాపలా
నా సబ్జెక్టు వచ్చింది, కాస్త పొడుగ్గా రాస్తా.

అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది, ఐవరీ కోస్ట్‌కి సొంత రిజర్వు బ్యాంకు లేదు. పశ్చిమాఫ్రికాలో ఎనిమిది దేశాలకి కలిపి ఒకటే కేంద్ర బ్యాంకు, దాన్ని బీసీఈఏఓ అంటారు. ప్రధాన కార్యాలయం సెనెగల్‌లోని డాకర్. కరెన్సీ సీఎఫ్ఏ ఫ్రాంకు, యూరోకి 655.957 అని కట్టేసిన రేటు. నోట్లు అచ్చయ్యేది ఫ్రాన్స్‌లో. అంటే బాగ్బో ఎంత మొండికేసినా నోటు కొట్టుకోలేడు. ఇష్టమొచ్చినట్టు నోట్లు కొట్టుకున్న జింబాబ్వేకీ ఇక్కడికీ ఉన్న తేడా ఇదే.

2010 డిసెంబరు 23న ఆ ఎనిమిది దేశాల ఆర్థిక మంత్రులు కూర్చుని, ఐవరీ కోస్ట్ ఖాతాల మీద వత్తారా నియమించినవాళ్ల సంతకమే చెల్లుతుందన్నారు. బ్యాంకు గవర్నరు బాగ్బోకి కావలసినవాడు, డాకర్ నుంచి డబ్బు వదులుతూనే ఉన్నాడని గొడవైంది. జనవరి 22న బమాకో సమావేశంలో ఆయన చేత రాజీనామా చేయించారు. బాగ్బోకి ఒళ్లు మండి ఐవరీ కోస్ట్‌లోని పెద్ద నగరం అబిజాన్‌లో ఉన్న కేంద్ర బ్యాంకు శాఖలను సైన్యంతో స్వాధీనం చేసుకున్నాడు. అక్కడే ఆయన తప్పటడుగు.

శాఖను పట్టుకుంటే భవనం దొరుకుతుంది, ఖజానాలో ఉన్న కాస్త నగదు దొరుకుతుంది. కంప్యూటర్ వ్యవస్థ డాకర్‌లో ఉంది, వాళ్లు లైను కట్ చేశారు. దాంతో బ్యాంకుల మధ్య చెక్కుల క్లియరింగ్ ఆగిపోయింది. ఒక బ్యాంకు చెక్కు ఇంకో బ్యాంకులో మారదు. నగదు తక్కువైన బ్యాంకుకి అప్పిచ్చే దిక్కు లేదు. ఏటీఎంలు రెండు మూడు రోజుల్లో ఖాళీ. చేత్తో రాసుకుని క్లియరింగ్ చేసుకోండని బాగ్బో వర్గం ఒత్తిడి చేసింది, విదేశీ బ్యాంకులు భయపడ్డాయి. ఫిబ్రవరి మధ్యలో బీఎన్‌పీ పారిబా అనుబంధ సంస్థ బీఐసీఐసీఐ, సిటీబ్యాంకు, సొసియెతె జెనెరాల్ అనుబంధ సంస్థ ఎస్‌జీబీసీఐ, స్టాండర్డ్ చార్టర్డ్ ఒకదాని వెనక ఒకటి షట్టర్లు దించేశాయి. రెండు పెద్ద ఫ్రెంచి బ్యాంకులను జాతీయం చేస్తున్నానని బాగ్బో ప్రకటించాడు. ఉద్యోగుల జీతాల కోసం కొన్ని కౌంటర్లు తెరిపించాడు, వాటి ముందు చాంతాడంత క్యూలు.

ఇంకోటి, 2010 డిసెంబరు 31న కట్టాల్సిన 2.9 కోట్ల డాలర్ల బాండు వడ్డీ కట్టలేదు. నెల రోజుల గ్రేసు కూడా దాటిపోయింది. 230 కోట్ల డాలర్ల బాండు మొత్తం ఎగవేత కింద పడింది.

కాబట్టి నా లెక్కలో బాగ్బోని దించింది ఐరాస తీర్మానం కాదు, డాకర్‌లో మారిన సంతకం.

#9 వేపకాయంత
బ్యాంకు దోచాక తెలిసిందన్నమాట, డబ్బు సర్వర్లో ఉందని.

#10 గోదావరి_కోకో
#8కి చేర్పు. ఖజానాకి నీళ్లు వచ్చే కాలువ కోకో. ప్రపంచ కోకోలో మూడో వంతు పైన ఆ ఒక్క దేశానిదే. మన ఏలూరు, పశ్చిమ గోదావరి కొబ్బరి తోటల్లో అంతరపంటగా వేసేది దాని ముందు చిటికెడు. ఎగుమతిదారు సరుకు ఓడెక్కించే ముందు సుంకం కట్టాలి, కస్టమ్స్ బాగ్బో చేతిలో. అందుకే వత్తారా 2011 జనవరి 24 నుంచి నెల రోజులు కోకో ఎగుమతులు ఆపమన్నాడు, తర్వాత పొడిగించాడు. వినకపోతే బాగ్బోకి డబ్బు సాయం చేసినట్టే లెక్క అన్నాడు. పెద్ద కంపెనీలు జంకాయి. న్యూయార్క్‌లో టన్ను ధర మార్చి మొదట్లో 3,700 డాలర్లు దాటింది, 32 ఏళ్ల గరిష్ఠం.

అబిజాన్, సాన్ పెద్రో రేవుల్లో 4 లక్షల టన్నులకు పైగా గింజలు పోగుపడ్డాయి. పుస్తకాల్లో ఈ అంకె వేసి ఊరుకుంటారు, గోదాములో ఏమవుతుందో రాయరు. గోనె సంచుల్లో ఉన్న గింజ తేమ 8 శాతం దాటకూడదు. సముద్రపు ఒడ్డు ఉక్కకి గింజ గాల్లో తేమ పీల్చుకుంటుంది. దాటిందా, ముందు లోపల బూజు, తర్వాత కొవ్వు విడిపోయి ఆమ్లం పెరుగుతుంది. కోకో వెన్నలో ఆ ఆమ్లం 1.75 శాతం మించితే యూరప్‌లో తీసుకోరు. సంచి పైనుంచి చూస్తే ఏమీ తెలీదు, గింజను నిలువునా కోసి చూడాలి. గోదాములో కింది వరసలు పైవాటి బరువుకి నలిగి ఇంకా త్వరగా పాడవుతాయి.

దెబ్బ తిన్నది బాగ్బో ఒక్కడే కాదు. కొనేవాడు లేక రైతు ఊళ్లో ధర పడిపోయింది. సరిహద్దు దాటించగలిగినవాళ్లు ఘనాకి దాటించారు. ఆ ఏడు ఘనా పంట మొదటిసారి 10 లక్షల టన్నులు దాటింది. వానలు బాగా పడటం ఒక కారణమైతే, రాత్రిళ్లు సరిహద్దు దాటిన లారీలు ఇంకొకటి.

#11 పలాస_పిక్క
జీడిపిక్కల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అది నేరుగా మన పలాస దాకా వస్తుంది. అక్కడి జీడి తోటలన్నీ ఉత్తరాన, మధ్యలో. పంట ఫిబ్రవరి నుంచి మొదలు, అంటే సరిగ్గా బ్యాంకులు మూతపడ్డ రోజుల్లో. పిక్కల కొనుగోలు మొత్తం నోట్ల మీద నడుస్తుంది. ఊళ్లో రైతు చెక్కు తీసుకోడు. క్లియరింగ్ లేదు, నగదు లేదు, ఇంక కొనేదెవరు? పచ్చి పిక్కని సరిగ్గా ఆరబెట్టకుండా గోనెల్లో కుక్కి ఆపితే పప్పు మచ్చ పడుతుంది. 80 కిలోల బస్తాకి ఎన్ని పౌండ్ల పప్పు వస్తుందన్నదాన్నే మా వాళ్లు అవుట్‌టర్న్ అంటారు, ధరంతా దాని మీదే. ఒక పౌండు పడిపోయినా బేరం మారిపోతుంది.

#12 నీలిటోపీ
ఇక శాంతి దళం సంగతి. సూరి గారు "ఉండి ఏం చేశారు" అన్నారు కదా.

ఐరాసకి సొంత సైన్యం లేదు. బంగ్లాదేశ్, పాకిస్తాన్, జోర్డాన్, మొరాకో, ఘనా, బెనిన్ లాంటి దేశాలు దళాలు ఇస్తాయి. అప్పట్లో ఒక సైనికుడికి నెలకి 1,028 డాలర్లు మూల రేటు, అది ఆ దేశ ప్రభుత్వానికి వెళ్తుంది, సైనికుడి జేబులోకి కాదు. బండ్లు, జనరేటర్లు కూడా వాళ్లవే, వాటికి విడిగా అద్దె. మూడు నెలలకోసారి ఐరాస తనిఖీ బృందం వచ్చి ఎన్ని బండ్లు కదులుతున్నాయో లెక్కపెడుతుంది, నూటికి 90 కదలకపోతే అద్దె కోస్తారు. అందుకే "వెంటనే ఇంకో రెండు వేల మందిని పంపండి" అంటే వెంటనే రారు. 2011 జనవరి 19న 1967 నంబరు తీర్మానం 2,000 మందిని అదనంగా మంజూరు చేసింది, మనుషులు దిగడానికి నెలలు పట్టింది. ఆ లోపు పక్కనున్న లైబీరియా మిషన్ నుంచి మూడు కంపెనీల సైన్యం, మూడు సాయుధ హెలికాప్టర్లు అరువు తెచ్చుకున్నారు. (ఆ లైబీరియాలోనే అప్పుడు మన సీఆర్‌పీఎఫ్ మహిళా పోలీసు దళం ఉండేది.)

పని రెండు ముక్కలైంది. సుమారు 800 మంది గోల్ఫ్ హోటల్‌కే అతుక్కుపోయారు. దారులన్నీ బాగ్బో సైన్యం మూసేసింది కాబట్టి బియ్యం, నీళ్లు, మందులు అన్నీ హెలికాప్టర్లో. మిగిలినవాళ్లు గస్తీ. డిసెంబరు 18న బాగ్బో "మీరు వెళ్లిపోండి" అన్నాడు. రెండు రోజుల్లో భద్రతా మండలి 1962 నంబరు తీర్మానంతో దళం గడువు పొడిగించింది. ఆతిథ్య దేశం సమ్మతి లేకుండా ఎలా ఉంటారంటే, గుర్తింపు పొందిన ప్రభుత్వం వత్తారాది, ఆయన సమ్మతించాడు. కాగితం మీద బానే ఉంది. వీధిలో మాత్రం బాగ్బో కుర్రాళ్లు టైర్లు కాల్చి దారి మూసేవారు, ఐరాస బండ్లు తగలబెట్టేవారు, డీజిలు అమ్మొద్దని బంకులకి బెదిరింపులు. గుంపు మీద కాల్పులు జరపకూడదు, గుంపు కదలదు, బండి వెనక్కి. ఇలా చాలా గస్తీలు సగం దారిలోనే తిరిగొచ్చాయి.

#13 కాదు_కూడదు
అదే కదా నేనంటున్నది! ఒక అభ్యర్థి ఇంటికి కాపలా కాస్తూ తటస్థం అంటే ఎలా? ఏప్రిల్ 4న ఐరాస హెలికాప్టర్లు, అక్కడే ఉన్న ఫ్రెంచి సైన్యం హెలికాప్టర్లు కలిసి బాగ్బో సైనిక శిబిరాల మీదా, నివాసం దగ్గరా రాకెట్లు వేశాయి. వారం తిరిగేసరికి బాగ్బోని పట్టుకున్నారు. అప్పుడు భద్రతా మండలిలో ఉన్న భారత్ కూడా శాంతి దళాన్ని ప్రభుత్వాలు మార్చే పనిముట్టు చేయకూడదని చెప్పింది కదా.

#14 నీలిటోపీ
చెప్పింది, 1975 నంబరు తీర్మానానికి ఓటేస్తూనే చెప్పింది. మార్చి 30న అది ఏకగ్రీవం. ఆరో పేరాలో ఉన్నది "పౌరుల మీద భారీ ఆయుధాలు వాడకుండా ఆపడంతో సహా" అవసరమైన చర్యలు తీసుకోవచ్చని. ఆ పదాలు గాల్లోంచి ఊడిపడలేదు. మార్చి 3న అబిజాన్‌లోని అబోబో పేటలో ఊరేగింపు తీస్తున్న ఏడుగురు మహిళలను కాల్చి చంపారు. 17న అదే అబోబోలో బజారు మీద మోర్టార్లు పడి కనీసం 25 మంది పోయారు. మోర్టారుని ఆపాలంటే కాలినడక గస్తీ చాలదు, గొట్టం ఉన్నచోట కొట్టాలి. అందుకే ఉక్రెయిన్ సిబ్బంది నడిపే ఎంఐ-24 దాడి హెలికాప్టర్లు.

కానీ #13లో సగం నిజం ఉంది. ఏప్రిల్ 10 దాడులకి వచ్చేసరికి పౌరుల రక్షణ ఎక్కడ ఆగి, వత్తారా సైన్యానికి దారి చేయడం ఎక్కడ మొదలైందో గీత గీయడం కష్టం.

#15 లెక్కల_మేష్టారు
ఐరాస తొందరపాటు కూడా రికార్డు చేద్దాం. ఫిబ్రవరి ఆఖర్లో బెలారస్ నుంచి బాగ్బో కోసం దాడి హెలికాప్టర్లు రాజధాని యమౌసుక్రోకి దిగుతున్నాయని, ఆయుధ నిషేధం ఉల్లంఘన అని ప్రధాన కార్యదర్శి పేరుతోనే ప్రకటన వచ్చింది. తీరా చూస్తే అలాంటిదేమీ లేదు, బెలారస్‌కి క్షమాపణ చెప్పారు.

#16 నిబంధన_నాయుడు
ఆ నిషేధం 2004 నవంబరు నాటి 1572 తీర్మానం. బుఆకేలో బాగ్బో విమానాలు ఫ్రెంచి శిబిరం మీద బాంబులేసి 9 మంది ఫ్రెంచి సైనికులు చనిపోయిన తొమ్మిది రోజులకు. తర్వాత 1584తో చెప్పాపెట్టకుండా తనిఖీ చేసే అధికారం కూడా ఇచ్చారు. అమల్లో ఎలా ఉండేదంటే, తనిఖీ బృందం అధ్యక్షుడి రక్షణ దళమైన రిపబ్లికన్ గార్డు శిబిరం గేటు దాకా వెళ్తుంది, "పై నుంచి ఆర్డరు లేదు" అంటారు, లోపలికి రానివ్వలేదని రిపోర్టు రాసుకుని వస్తుంది. మోర్టార్లు అక్కడే ఉన్నాయి.

#17 సందేహాల_సూరి
అయితే ఖజానా గారి మాటేంటి? జీతాల్లేక సైన్యం విడిపోయిందా?

#18 ఖజానా_కాపలా
మార్చి 28న వత్తారా పక్షాన ఉన్న ఉత్తరాది సైన్యం కదిలింది. 30కల్లా రాజధాని యమౌసుక్రో, ఆ వెంటనే సాన్ పెద్రో రేవు, 31న అబిజాన్ అంచు. నాలుగు రోజులు! చాలాచోట్ల బాగ్బో సైనికులు తుపాకీ పేల్చకుండా వెళ్లిపోయారు. సైన్యాధిపతే దక్షిణాఫ్రికా రాయబారి ఇంట్లో తలదాచుకున్నాడు. ఐరాస హెలికాప్టర్లు ఎగిరింది దీని తర్వాత, ఏప్రిల్ 4న. వరస చూసుకోండి.

#19 నీలిటోపీ
వరస చూస్తే మీకే ఎదురు తిరుగుతుంది. అందరూ వెళ్లిపోయాక మిగిలింది రిపబ్లికన్ గార్డు, లైబీరియా కిరాయి మూకలు, భారీ ఆయుధాలు. వాళ్లు పది రోజులు అబిజాన్‌ని వదల్లేదు. జీతం ఆగితే జీతగాడు వెళ్తాడు. ప్రాణం మీదికి వచ్చినవాడు వెళ్లడు. ఆఖరి పది రోజుల పని సంతకంతో అయ్యేది కాదు.

#20 ఖజానా_కాపలా
ఒప్పుకుంటున్నా. నాలుగు నెలలు నావి, పది రోజులు మీవి.

#21 మందులచీటీ
మీ వాటాల పంపకంలో ఒకటి మర్చిపోయారు. యూరోపియన్ యూనియన్ జనవరి 14న 85 మంది మనుషులతో పాటు 11 సంస్థల ఆస్తులు స్తంభింపజేసింది. అందులో అబిజాన్, సాన్ పెద్రో రేవు సంస్థలు కూడా. రేవుకి రుసుం కట్టకుండా ఓడ లంగరేయలేదు, రేవుకి డబ్బు కడితే నేరం. అంటే ఐరోపా ఓడ ఏదీ రాదు. మందులకి మినహాయింపు ఉందని కాగితం మీద రాశారు, కానీ కంటెయినర్ ఓడ మీ ఒక్క పెట్టె మందుల కోసం రాదు కదా. బ్యాంకులు మూసేశాక మందుల టోకు వ్యాపారి డబ్బు పంపడానికి దారే లేదు. డయాలిసిస్ సామాను, ఇన్సులిన్ ఇవి నిల్వ పెట్టుకునేవి కావు. పక్కన బుర్కినా, మాలీలకి సముద్రం లేదు, వాళ్ల సరుకు ఘనాలోని తేమా, టోగోలోని లోమే రేవులకి తిప్పుకోవాల్సి వచ్చింది. రేవుల మీద నిషేధం ఎత్తేసింది ఏప్రిల్ 8న.

మనుషుల మీద ఆంక్ష వేరు, రేవు మీద వేరు. 1975 తీర్మానంలో ఐరాస పేర్లు పెట్టింది ఐదుగురివే: బాగ్బో, ఆయన భార్య సిమోన్, ఆయన అనుచరులు తాగ్రో, అఫీ ఎన్‌గెసాన్, జెజే. వాళ్ల ఐదుగురి వీసా ఆపితే ఎవరి ఇన్సులినూ ఆగదు.

#22 గోదావరి_కోకో
#21తో నూటికి నూరు ఏకీభవిస్తున్నా. కోకో రైతుకి కూడా ఇదే వర్తిస్తుంది.

#23 అట్లాస్_అప్పారావు
గాంబియాతో పోల్చండి. 2016 డిసెంబరు 1 ఎన్నిక, అధ్యక్షుడు జమ్మే ఓడి ముందు ఒప్పుకుని తర్వాత మాట మార్చాడు. గెలిచిన బారో డాకర్‌లోని గాంబియా రాయబార కార్యాలయంలో 2017 జనవరి 19న ప్రమాణం చేశాడు, అదే రోజు సెనెగల్ దళాలు సరిహద్దు దాటాయి, 21న జమ్మే విమానం ఎక్కాడు. ఐవరీ కోస్ట్‌లో పశ్చిమాఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్ 2010 డిసెంబరు 24నే బలప్రయోగం చేస్తామని బెదిరించి కూర్చుంది. నైజీరియాకి ఏప్రిల్లో సొంత ఎన్నికలు, ఘనా సైన్యం పంపనంది. బెదిరించి మూడున్నర నెలలు ఊరుకోవడమే బాగ్బోకి ధైర్యం ఇచ్చింది.

#24 కాదు_కూడదు
గాంబియా మూడు వైపులా సెనెగలే, సైన్యం గుప్పెడు. పోలికే తప్పు.

ఇంకో మాట. దుఎకుఏ అనే ఊళ్లో మారణకాండ 2011 మార్చి చివర్లో జరిగింది, ఆ ఊరు అప్పటికి వత్తారా సైన్యం చేతికి వచ్చింది. మొత్తం గొడవలో సుమారు 3,000 మంది పోయారు. హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానానికి వెళ్లింది మాత్రం బాగ్బో వైపువాళ్లే. అక్కడ కూడా 2019లో బాగ్బో నిర్దోషి అన్నారు, 2021 అప్పీలులో అదే నిలిచింది.

#25 నిబంధన_నాయుడు
ఇది కాదనలేను. పైగా ఇంకోటి చూడండి. 2006 ఫిబ్రవరిలో ఐరాస ఆంక్షల జాబితాలోకి మొదట ఎక్కిన ముగ్గురిలో ఇద్దరు బాగ్బో వైపు కుర్రకారు నాయకులు, మూడోవాడు ఉత్తరాది కమాండర్ మార్టిన్ ఫోఫియె. 2011లో బాగ్బోని పట్టుకున్నాక ఎక్కడ ఉంచారో తెలుసా? కొరోగోలో, ఆ ఫోఫియె కాపలాలో.

#26 వేపకాయంత
ఆగండాగండి. ఆంక్షల జాబితాలో ఉన్న ఖైదీకి ఆంక్షల జాబితాలో ఉన్న జైలరా? ఇద్దరూ ఊరు దాటి ప్రయాణం చేయకూడదు కాబట్టి సరిపోయింది.

#27 నిబంధన_నాయుడు
విదేశీ ప్రయాణం చేయకూడదని. బాగ్బోని నవంబరు చివర్లో హేగ్‌కి విమానంలో తీసుకెళ్లారు. ఫోఫియె జాబితాలోనే ఉండి ఉద్యోగం చేసుకున్నాడు. అక్కడి వజ్రాల ఎగుమతి మీద ఐరాస పెట్టిన నిషేధం 2014లో పోయింది, మిగిలిన ఆంక్షలు, జాబితా మొత్తం 2016 ఏప్రిల్ 28న 2283 తీర్మానంతో రద్దయ్యాయి. శాంతి దళం 2017 జూన్ 30న జెండా దించింది.

#28 సందేహాల_సూరి
#8, #14, #21 సేవ్ చేసుకున్నా. లెక్కల మేష్టారూ, ఆ జిల్లాల వారీ అంకెలు ఉంటే కొత్త దారంలో పెట్టండి, బుఆకే ఒక్కటి తీసేస్తే ఫలితం మారేదా లేదా చూడాలనుంది.